బీ-యున్ మూసిన కిటికీ

బీ-యున్ పురుళ్ళ మనిషి. అంటే పురుడు పోసేది కాదు, ఆ పని ఆసుపత్రి వాళ్ళదే. కాన్పయ్యాక నెల పాటు ఆ ఇంట్లోనే ఉండి బాలింతకు వండిపెట్టి, బిడ్డకు నీళ్ళుపోసి, ఇద్దరినీ కంటికి రెప్పలా కాచుకోవడం ఆమె పని. కీలుంగ్ రేవు వెనక సందుల్లో ఏ కోడలికి నెల తప్పినా అత్తగారు ముందు వచ్చి బీ-యున్‌ను మాట్లాడుకుని పోయేది. ఎందుకంటే ఆమె చేతిలో పడ్డ బాలింతకు గాలి తగలదని పేరు. పచ్చి ఒంటికి గాలి తగిలితే ఇప్పుడేం తెలియదు, నడివయసు వచ్చాక కీళ్ళన్నీ పట్టేసి లేవనివ్వవని అక్కడ అందరూ నమ్ముతారు. బీ-యున్ అందరికంటే ఎక్కువ నమ్మేది.

నమ్మదూ మరి! తన కాన్పప్పుడు ఆమెను కాచేవాళ్ళు లేరు. వారం తిరక్కుండానే రేవు గట్టున తడి చేతులతో చేపలు ఏరడానికి పోయింది. ఇప్పుడు వాన పడితే చాలు మోకాళ్ళు సలిపేవి, కీలుంగ్‌లో వాన పడని రోజేది? ఆ నొప్పి ఇంకో ఆడపిల్లకు రాకూడదని ఆమె పట్టుదల. కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ముందు కిటికీ మూసేది. రెక్కల సందుల్లో పేలికలు కుక్కేది. తలుపు కింద పాత తువ్వాలు చుట్టి పెట్టేది. ఆ తర్వాతే చేతులు కడుక్కుని బిడ్డ మొహం చూసేది.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆమెకు దగ్గు పట్టుకుంది. ఊళ్ళో ఎవరికి లేదు దగ్గు? గోడలకు బూజు, గుళ్ళో ధూపం పొగ, పొద్దస్తమానం పొయ్యి దగ్గర నువ్వుల నూనె ఘాటు. మందుల కొట్లో పాకం సీసా కొనుక్కుని పూటకో చెంచా నాకేది. చెంపలు లోపలికి పోయాయని, గౌను వదులైందని ఎవరైనా అంటే, ఈ వయసులో సన్నబడితే అదృష్టమేగా అని నవ్వేది. దగ్గొచ్చినప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పి రుమాలు అడ్డుపెట్టుకునేది. మర్యాద తెలిసిన మనిషి, అంతవరకు ఎవరూ తప్పు పట్టలేరు.

అట్లా ఉండగానే హుయి-చూ ఇంట్లో పని ఒప్పుకుంది. హుయి-చూకు బజారు సందులో చేప ఉండల కొట్టు, పైన కాపురం. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. కొడుకు దూరసముద్రం పడవల మీద పోతాడు, ఏడాదికోసారి మొహం చూపిస్తే గొప్ప. కోడలు యీ-జెన్ దక్షిణాది పిల్ల. ఎండ దంచే ఊళ్ళో, తలుపులకు గొళ్ళెం పెట్టడం తెలియని ఇంట్లో పెరిగింది. మొదటి కాన్పు, మగపిల్లాడు, మరీ పిట్టంత పుట్టాడు. బరువు చాలదని పుట్టగానే వేసే టీకా కూడా తర్వాత వేద్దామన్నారు ఆసుపత్రి వాళ్ళు.

బీ-యున్ పద్ధతులన్నింటికీ యీ-జెన్ తలవంచింది. తల స్నానం వద్దంటే మానేసింది. అల్లం, నువ్వుల నూనె, సారా పోసి వండిన కోడి కూర పూటపూటా పెడితే కళ్ళు మూసుకుని మింగింది. ఒక్క కిటికీ దగ్గరే ఆ పిల్లకు ప్రాణం ఆగేది కాదు.

"పిన్నీ, ఊపిరాడట్లేదు. కాస్త సందు తియ్యవా, నీకు పుణ్యముంటుంది" అనేది.

"ఊపిరాడక పోయిన బాలింతను నేనింతవరకు చూళ్ళేదు తల్లీ. గాలి తగిలి మంచం పట్టినోళ్ళని మాత్రం వీధికి ఇద్దరిని చూపిస్తా, చూస్తావా?" అనేది బీ-యున్. అని, దగ్గి, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, ముక్కుకు ముక్కు తగిలేట్టు వంగి పాట అందుకునేది. వాడు ఆ గొంతు వింటేనే నిద్రపోయేవాడు.

పొద్దున్నే కోడికి, అల్లానికి ఆమె బజారుకు దిగేది. ఆ కాసేపు యీ-జెన్ పేలికలు లాగేసి కిటికీ బార్లా తీసేది, ఆమె మెట్ల చప్పుడు వినగానే మూసేది. బీ-యున్‌కు అనుమానం రానేలేదు. గదిలో నూనె వాసన తగ్గినట్టు అనిపించినా, తన ముక్కే పట్టేసిందనుకుంది. ఒకనాడు గొడుగు మరిచిపోయి మధ్యలోనే వెనక్కి వచ్చింది. చూస్తే ఏముంది! ఆ ఊళ్ళో నెలకోసారి మొహం చూపించే ఎండ కిటికీలోంచి పడుతోంది, ఆ ఎండలో పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, యీ-జెన్ హాయిగా కూచుని ఉంది.

బీ-యున్ ఆ పిల్లను ఏమీ అనలేదు. నేరుగా కిందికి పోయి హుయి-చూతో చెప్పింది. హుయి-చూ చేప ముద్ద అంటిన చేతులతోనే మెట్లెక్కి వచ్చి, సందు సందంతా వినేట్టు కోడల్ని దులిపేసింది. ఆ తర్వాత అత్తగారు స్టూలు కదలకుండా పట్టుకుంటే బీ-యున్ పైకెక్కి, పెట్టెలకు అంటించే వెడల్పాటి టేపు కిటికీ చుట్టూ నాలుగు వైపులా అంటించింది. గోటితో గీకినా ఊడదని నొక్కి మరీ చూసుకుంది. నెలలో సగం పైగా మిగిలే ఉంది. యీ-జెన్ ఇక కిటికీ ఊసెత్తలేదు.

నెల నిండిన రోజున ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు పంచారు, జిగురన్నం వండారు. ఇంత బాగా నెల గడిపించిన మనిషి లేదని హుయి-చూ వచ్చినవాళ్ళందరి ముందూ బీ-యున్‌ను మెచ్చుకుంది. బీ-యున్ పొంగిపోయింది.

పిల్లాడికి మూడో నెల దాటుతుండగా జ్వరం పట్టుకుంది. తగ్గదు. పాలు పట్టడు, పట్టినా కక్కుతాడు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి ఎత్తుకుపోయారు. అన్ని పరీక్షలూ చేసి, క్షయ అని తేల్చారు. ఇంత పసిగుడ్డుకా అని హుయి-చూ నెత్తి కొట్టుకుంది. కొట్టుకుని ఊరుకుందా? ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తానే తేల్చేసింది. కిటికీ కింద బజారు సందు, చేపల కంపు, దారిన పోయే ప్రతివాడూ ఉమ్మే ఉమ్ము. ఆ గాలి లోపలికి రానిచ్చింది ఎవరు? కోడలు. బిడ్డను ఆ గాలికి ఎదురుగా పెట్టుకు కూచుంది ఎవరు? కోడలే. చుట్టాలు విన్నారు, ఇరుగుపొరుగు విన్నారు, అవునవునన్నారు. అందరికంటే ముందు యీ-జెనే నమ్మేసింది.

పిల్లాడి దగ్గర మసిలినవాళ్ళందరూ ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించుకోవాలని ఆరోగ్య కేంద్రం నుంచి కబురొచ్చింది. బీ-యున్ కూడా పోయింది. హుయి-చూ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, యీ-జెన్‌వీ శుభ్రమే. బీ-యున్ ఫోటోలో మాత్రం పైభాగాన పెద్ద మచ్చ తేలింది. కఫం పరీక్షలో క్షయ పురుగులు కనబడ్డాయి.

నర్సు ఆమెను విడిగా కూచోబెట్టి, ఆ గది ఎట్లా ఉండేదో చెప్పమంది. బీ-యున్‌కు ఇంకా బోధపడలేదు పాపం. చీమ దూరే సందు కూడా లేకుండా చూసుకున్నానని గొప్పగా చెప్పింది. నర్సు అది కాగితం మీద రాసుకుంది. తర్వాత, మీరు కోడి కూర వండినప్పుడు ఆ నూనె వాసన గదిలో ఎంతసేపు ఉండేదని అడిగింది. సాయంత్రం దాకా పోయేదే కాదంది బీ-యున్. మీ దగ్గులోంచి వచ్చింది కూడా అట్లాగే ఉండిపోయిందమ్మా అంది నర్సు. రుమాలు అడ్డుపెట్టుకున్నా కంటికి కనబడనంత తుంపర తప్పించుకుని గాల్లో తేలుతుంది, కిందికి రాలదు. మూసిన గదిలో గంటలకు గంటలు అక్కడే తిరుగుతుంది. మీరు బజారుకు పోయినా మీ ఊపిరి ఆ గదిలోనే ఉంది, పిల్లాడు దాన్నే పీలుస్తూ పడుకున్నాడు.



"ఆ పిల్ల కిటికీ తీసేదమ్మా రోజూ. సందులో గాలికి వచ్చి ఉండదా?" అంది బీ-యున్, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"బయటి గాలి తెచ్చేది కాదమ్మా, తీసుకుపోయేది. ఆవిడ తీసినంతసేపూ ఆ గది శుభ్రపడింది. ఇంకా తీసి ఉండాల్సింది" అంది నర్సు. ఎవరి నుంచి వచ్చిందో మేము ఎవరికీ చెప్పం, భయపడొద్దు, మందులు మానకుండా వేసుకుంటే చాలు అని కూడా చెప్పింది. ఆ మాట ధైర్యం చెప్పడానికే అంది పాపం. బీ-యున్ దాని చాటునే దాక్కుంది.

అప్పటి నుంచి ఆమెది తేలు కుట్టిన దొంగ బతుకైంది. పని మానేసి ఇంట్లో కూచుంది, మోకాళ్ళ నొప్పని అందరికీ చెప్పింది. క్షయ మాత్రలు వేసుకుంటే ఆ మందు రంగుకు మూత్రం ఎర్రగా పోయేది. అది చూసిన ప్రతిసారీ స్టూలెక్కి టేపు నొక్కిన తన చేతులు గుర్తొచ్చేవి. హుయి-చూ రోజూ ఫోను చేసేది. తన గోడంతా వెళ్ళబోసుకోవడానికి ఆమెకు బీ-యున్ దొరికింది. నువ్వంత జాగ్రత్తగా కాపాడావు అక్కా, మా కోడలు మొత్తం బూడిదలో పోసింది అనేది. బిడ్డను దాని చేతికివ్వడం లేదనేది. పడవ రేవుకు రాగానే కొడుకుతో చెప్పి పుట్టింటికి పంపించేస్తాననేది. బీ-యున్ ఊఁ కొడుతూ వినేది. ఈసారి చెప్పేద్దాం అనుకునేది. చెబితే ఇక ఏ ఇంటి గడపా తొక్కనివ్వరు, ఆ మాట గుర్తు రాగానే నోరు పెగిలేది కాదు.

ఒక రోజు హుయి-చూ ఇంకో మాట అడిగింది. కోడలి పాలు ఇక పట్టొద్దు, ఒంట్లో గాలి దూరిన మనిషి పాలు విషమేగా. డాక్టర్లు పట్టొచ్చంటున్నారు గాని వాళ్ళకేం తెలుసు. పాలు నిండి రొమ్ములు గట్టిపడి అది నెప్పితో ఏడుస్తోంది, పాలు ఆగిపోవడానికి వేయించిన బార్లీ మొలకల కషాయం ఎట్లా కాచాలో చెప్పు అక్కా అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. వద్దు, ఆ పిల్ల పాలకేం తప్పులేదు అని ఒక్క ముక్క అంటే చాలు, మిగతాది దాచుకున్నా పోయేది. బీ-యున్ కషాయం ఎట్లా కాచాలో చెప్పింది. ఎన్ని మొలకలు వేయాలో, నీళ్ళు సగానికి మరిగేదాకా ఆగాలని, అన్నీ వివరంగా చెప్పింది. ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని అట్లాగే కూచుండిపోయింది. తన బతుకులో ఎన్నో బాలింత రొమ్ములకు వేడి గుడ్డ కాపడం పెట్టి పాలు తెప్పించిన చేతులవి. ఛీ, ఇదేం బతుకు అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటే ఏమొస్తుంది?

ఇక మీ నుంచి ఎవరికీ అంటదని నర్సు చెప్పిన రోజున బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. పిల్లాడికి జ్వరం దిగింది, గండం గడిచినట్టేనన్నారట డాక్టర్లు. వార్డు బయట బెంచీ మీద యీ-జెన్ కూచుని ఉంది. చిక్కి సగమైంది. హుయి-చూ లోపల్నుంచి బీ-యున్‌ను చూసి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కోడలి ముందు నిలబెట్టింది. ఇంత చేసిన మనిషి, కాళ్ళ నొప్పులు పెట్టుకుని కూడా వచ్చింది, మొహం ఎత్తి చూడవే అని గద్దించింది.

యీ-జెన్ లేచి నిలబడి, నడుము వంచి దండం పెట్టింది.

"మీరు చెప్పినట్టు వినలేదు పిన్నీ. నన్ను క్షమించండి" అంది.

బీ-యున్ ఆ వంగిన తల చూసింది. ఇంతకాలం పెగలని నోరు అప్పుడు పెగిలింది.

"వంగకమ్మా. నీ కిటికీ కాదు, నా దగ్గు. నాకు క్షయ ఉంది. నేను ఊదిన ఊపిరే గదిలో మూసిపెట్టి నీ కొడుకు చేత పీల్పించాను. నువ్వు తీసినంతసేపే వాడు మంచి గాలి పీల్చాడు, అది కూడా టేపేసి ఆపేశాను" అంది.

హుయి-చూ నమ్మలేదు. దీన్ని వెనకేసుకు రావడానికి నీ మీద వేసుకోకు అక్కా అంది. మాత్రలకు నా ఉచ్చ ఎర్రగా వస్తోంది, పద చూపిస్తా అంది బీ-యున్.  స్టూలు పట్టుకున్నది తానేనని జ్ఞాపకం వచ్చిందో ఏమో, హుయి-చూ మెల్లగా బెంచీ మీద కూలబడింది.

యీ-జెన్ ఏడవలేదు, తిట్టలేదు.

"నీకెప్పుడు తెలిసింది పిన్నీ?" అంది.

"ఫోటో తీసిన్నాడే."



"అప్పటికి నాకింకా పాలున్నాయి" అంది యీ-జెన్. అని వార్డు తలుపు తోసుకుని కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండిన రొమ్ముకు మళ్ళీ పాలు తెప్పించే వంటలు బీ-యున్‌కు చాలానే తెలుసు. వండిపెడతానని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.