రెండో రెసిస్టరు

పదకొండేళ్ళుగా ఒక చిన్న వాక్యాన్ని మోస్తున్నాను. నాలుగైదు మాటలే. అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు, గోడకు పెట్టిన ఫోను చార్జరు సన్నగా కూసినప్పుడు అది గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నెల్లూరులో నాకో చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు ఉంది. అప్పట్లో అల్లూరు వైపు రొయ్యల గుంటలకు బ్యాటరీ చార్జర్లు నేనే డిజైన్ చేసి, నేనే తయారుచేసి ఇచ్చేవాణ్ణి. పాతకాలపు బరువైన పెట్టెలు కావు, స్విచింగ్ కన్వర్టర్లు. ఒంటి చేత్తో ఎత్తేంత తేలిక. గుంట మీద కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. అవి ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్య చచ్చిపోతుంది. అందుకని జనరేటరును స్టార్టు చేసే బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలి.

నా చార్జరులో నేను గర్వపడేది ఒక చిన్న రెసిస్టరు గురించి. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. బ్యాటరీలోకి పోయే కరెంటంతా దాని గుండానే పోవాలి. ఎంత పోతున్నదీ కన్వర్టరుకు తెలిసేది దానివల్లే. పది ఆంపియర్లు చేరగానే అది అక్కడికి ఆగుతుంది. పాత బ్యాటరీలో ఒక గడి, అంటే సెల్, చచ్చిపోతే వోల్టేజీ ఎప్పటికీ పైదాకా ఎక్కదు. ఇంకా నిండలేదనుకొని చార్జరు తోస్తూనే ఉంటుంది. అప్పుడు కాపాడేది ఆ కరెంటు హద్దు ఒక్కటే. ఇది నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

పదకొండేళ్ళ కిందటి ఎండాకాలం, నా చార్జరు కొన్న సుధాకరన్న గుంటల మీద రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోయేది. బ్యాటరీ నిండడం లేదని నన్ను పిలిపించాడు. పక్క గుంటల వాళ్ళు ఇద్దరు కూడా అక్కడే ఉన్నారు. "నీ చార్జరు కంటే మా కాపలా మస్తానయ్య డొక్కు మోపెడ్డే నయం. పొద్దున పెడితే మాపటికి గూడా నిండదే!" అన్నాడు. వాళ్ళు నవ్వారు. బ్యాటరీ పాతబడింది, మార్చన్నా అంటే సరిపోయేది. ఆ నవ్వు ముందు ఆ మాట చేతకానివాడి సాకులా ఉంటుందనిపించింది. షెడ్డులోనే మూత విప్పి, ఆ రెసిస్టరు మీద అలాంటిదే ఇంకొకటి అతికించాను. ఇక కరెంటు రెండింటిలోకీ చీలి పోతుంది. కన్వర్టరుకు సగమే కనబడుతుంది. పది అనుకుంటూ ఇరవై తోస్తుంది. లోపల కాయిల్ సన్నగా కూయడం మొదలుపెట్టింది. విన్నాను. మూత బిగించాను.

మస్తానయ్య ఆ గుంటల కాపలా మనిషి. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. మూడు వారాల తర్వాత ఫోను చేశాడు. బ్యాటరీ నీళ్ళు శానా తాగతా ఉందని, ముట్టుకుంటే కాలతా ఉందని, బ్యాటరీలకని అమ్మే క్యాన్ నీళ్ళ కోసం రెండు రోజులకోసారి అల్లూరు పోవాల్సి వస్తా ఉందని, ఒకసారి వచ్చి చూసిపొమ్మని. ఎండలకు అంతేలే, పోస్తా ఉండమన్నాను. ఎందుకు వేడెక్కుతోందో నాకు తెలియదా? తెలుసు. వెళితే ఆ రెండో రెసిస్టరు ఊడదీయాలి. ఊడదీస్తే అది నేను పెట్టిందేనని ఒప్పుకోవాలి. వెళ్ళలేదు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం నీళ్ళు పోద్దామని అతను బ్యాటరీ క్లిప్పు లాగాడు. నిప్పురవ్వ లేచి, ఎక్కువ కరెంటుకు బ్యాటరీ వదిలిన గ్యాసు అంటుకుంది. బ్యాటరీ పేలి, యాసిడ్ ముఖాన పడింది.

కబురు అందగానే నేను ఆసుపత్రికి పోలేదు. షెడ్డుకు పోయాను. చార్జరులోని నా సర్క్యూట్ బోర్డు కోసం.

సుధాకరన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఎట్ల జరిగిందని అడిగాడు. షెడ్డు పక్కన బోరు కుళాయి, దాని కింద ఒక మగ్గు కనబడ్డాయి. సముద్రం దగ్గర కదా, ఆ నీళ్ళు ఉప్పు. అయినా అల్లూరు దాకా పోలేక బ్యాటరీల్లో అవే పోసేవాళ్ళు మా వైపు చాలామంది. ఆ ఉప్పుకు బ్యాటరీ పాడై వేడెక్కుతుందని ఎంతమందిని తిట్టానో లెక్కలేదు. అందుకే అబద్ధం వెతుక్కునే పని కూడా పడలేదు. "బోరు నీళ్ళు పోసుంటాడన్నా" అన్నాను. ఆయన వెంటనే నమ్మాడు. మేత బస్తాల దగ్గర తెల్ల క్యాను పడి ఉంది, సగం నీళ్ళతో. కాలితో దాన్ని బస్తాల వెనక్కి నెట్టాను. చూసి చెబుతానని బోర్డు షాపుకు తెచ్చి, రెండో రెసిస్టరు ఊడదీసి, చార్జరులో తప్పేమీ లేదని తిరిగి ఇచ్చాను.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. ఎడమ కన్ను పోయింది. కట్టు కింద నుంచి అన్నాడు: "అబ్బయా, నేను క్యాన్ నీళ్ళే పోసినాను. నాకట్ల గుర్తు."

ఆ క్షణాన చెప్పి ఉండొచ్చు. నేను మాత్రం ఇలా అడిగాను: "ఒక్కసారి కూడా బోరు నీళ్ళు పొయ్యలేదా?"

చాలాసేపు ఆలోచించాడు. "ఏమో మరి. పరాకున పోసుంటానేమో. చదువుకున్నోడివి, నువ్వు ఊరికే అంటావా." మళ్ళీ తనే, "నా వల్ల నీ పెట్టెకి మాటొచ్చింది. ఏమీ అనుకోబాక" అన్నాడు.

ఒక మనిషి కన్ను పోగొట్టడం వేరు. తన చేతుల మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టడం వేరు. రెండోది చేసినప్పుడు నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను.

కాపలా పని పోయింది. ఇప్పుడు అల్లూరు రోడ్డు మీద కూతురి టీ కొట్లో గ్లాసులు కడుగుతుంటాడు. బ్యాటరీ ఆటోల వాళ్ళు వస్తే కన్ను చూపించి, బోరు నీళ్ళు పొయ్యబాకండి నాయనా అని చెబుతాడు. మంచి సలహానే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నాకు అదే భరించరానిది. ఆ తర్వాత ఏ చార్జరులోనూ నేను హద్దు మార్చలేదు. అది పశ్చాత్తాపమా, భయమా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

పోయిన నెల అక్కడ టీకి ఆగాను. కొత్త ఆటో అతను ఒకడు, నీళ్ళకే బ్యాటరీ పేలుద్దా అని నవ్వాడు. మస్తానయ్య నా వైపు చూపించాడు. "ఈ సారుని అడుగు. ఆ పొద్దు కనిపెట్టింది ఈయనే." ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు. నేను తల ఊపాను.

పదకొండేళ్ళ కిందటి మాటకు కుర్ర వయసూ, భయమూ కారణాలని చెప్పుకున్నాను. ఆ తల ఊపుడుకు ఏ కారణం చెప్పను?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఈ కాగితం పట్టుకుని ఆ టీ కొట్టు దాకా పోగలనో లేదో కూడా తెలియదు. కానీ వాక్యం మాత్రం గొంతు దాటింది. ఇదిగో:

మస్తానయ్య పోసింది క్యాన్ నీళ్ళే.