సద్దిమూట ముడి

శోభారాణి మా తమ్ముడి భార్య. ఆమె అంటే నాకు మొదటినుంచీ పడదు. కారణమేమిటంటే గిఫ్టులకు కాగితాలు చుట్టే ఆ పిచ్చి. పుంగనూరులో వాళ్లింటికి పోతే కూర్చోవడానికి చోటుండదు. మంచం మీద పాత క్యాలెండర్లు, కుర్చీలో జరీ ముక్కలు, కిటికీలో ఎండబెట్టిన బంతి రేకులు. టీ అడిగితే "ఒక్క నిమిషం వదినా, ఈ మడత పడనీ" అంటుంది. ఆ మడత పడేసరికి నాకు టీ మీద ఆశ చచ్చిపోతుంది.

పనితనం గురించి మాత్రం అబద్ధం చెప్పను. డబ్బా చుట్టూ దారం తిప్పి కాగితానికి కొలత తీస్తుంది. నలిగిన కాగితం మీద పల్చటి గుడ్డ పరిచి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో రుద్ది కొత్తది చేస్తుంది. చీర కుచ్చిళ్లలాగా మడతలు పెట్టి, సందుల్లో బంతి రేకులు దోపుతుంది. టేపు ముక్క బయటికి కనబడితే ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది. వీధిలో ఎవరింట్లో ఏ ఫంక్షనైనా గిఫ్టు పట్టుకుని ఆమె గడపే ఎక్కుతారు. ఊరందరికీ అంత అందంగా చుట్టిపెట్టే మనిషికి సొంత అక్కతో మాటల్లేవు.

ఆ అక్క అమరావతి మదనపల్లెలో ఉంటుంది. ఆమె అంటే నాకు ఇంకా పడదు. వీళ్లది తంబళ్లపల్లె దగ్గర పల్లె. తల్లి రామలక్ష్మమ్మ శెనక్కాయ చేలల్లో కూలి చేసి ఇద్దరినీ పెంచింది. చివర్లో ఆమె మంచాన పడితే చాకిరీ చేసింది శోభారాణే. పోయేముందు ఆ తల్లి తన వెండి కుంకుమభరిణె చిన్నకూతురి చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో ఉన్న వెండి అదొక్కటే. కర్మ రోజు బంధువులందరి ముందు అమరావతి "బరిణె యాడ దాసినావే, దొంగదానా" అంది. శోభారాణి తల వంచుకుని విస్తర్లు ఎత్తుకుంటూ పోయింది. నేనైతే ఆ చెంప పగలగొట్టేదాన్ని.

కొన్నేళ్లకు అమరావతి కూతురు రూప ఓణీల ఫంక్షనని వాట్సాప్‌లో కార్డు వచ్చింది. ఫోన్ లేదు, మాట లేదు. అయినా పోతానంది ఈ పిచ్చిది. తల్లి నెమలికంఠం రంగు పట్టుచీరలో చిరగని ముక్క కత్తిరించి, నా ఎదురుగానే భరిణెను చుట్టింది. కొసలను ఒక గాజులోంచి దూర్చి ముడివేసింది. చేలోకి సద్ది తీసుకుపోయేటప్పుడు వాళ్లమ్మ వేసే ముడి అట. సరైన కొస పట్టి లాగితే ఒక్క ఊపున ఊడుతుంది, వేరే కొస లాగితే బిగుస్తుంది.

"మీయమ్మ నీకిచ్చింది కదే, యాల ఇచ్చేస్తాండావు?" అన్నాను.

"యెండి ఏం సేసుకునేది వదినా? అక్క దీన్ని ఇప్పి సూసి ఒక్క ఫోన్ సేస్తే సాలు. అమ్మ సీర, అమ్మ ముడి. దానికే అర్థమైతాది."

ఫంక్షన్‌లో అమరావతి ఆ మూటను చేత్తో కూడా తీసుకోలేదు. "ఆడ పెట్టు" అని గిఫ్టుల కుప్ప వైపు గడ్డం ఎగరేసింది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. శోభారాణి స్నానానికి పోయినా ఫోన్ కిటికీలో పెట్టుకునే పోయేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఈ మాఘంలో మా కొత్తింటి గృహప్రవేశమైంది. పిలవకపోతే మాట పడాల్సొస్తుందని అమరావతిని కూడా పిలిచాను. మెడ నిండా నగలతో వచ్చి నా చేతిలో గిఫ్టు పెట్టింది. నెమలికంఠం రంగు మూట, మధ్యలో గాజు. వేసిన ముడి వేసినట్టే ఉంది. ఇంత ముద్దుగా ఉన్నదాన్ని విప్పడమెందుకు, ఇంకెవరికైనా ఇవ్వొచ్చని బీరువాలో పెట్టుకుని ఉంటుంది. మనమందరం చేసే పనే. కాకపోతే ఈమె ఎవరిచ్చారో మరిచిపోయింది.

నా పక్కనే పసుపు గిన్నె పట్టుకుని నిలబడ్డ శోభారాణి ముఖం పాలిపోయింది.

"శానా బాగుండాదే, యాడ కట్టించినావు?" అన్నాను, కావాలనే.

"కట్టించేదేంది వదినా, ఇంట్లో నేనే కట్టినా. ఒక పూటంతా పట్టింది," అంది అమరావతి.

"అట్లయితే నువ్వే ఇప్పక్కా," అంది శోభారాణి. అన్నేళ్లకు అక్కతో ఆమె అన్న మొదటి మాట అది.

అమరావతి నవ్వుతూ ఒక కొస లాగింది. బిగిసింది. ఇంకోటి లాగింది. ఇంకా బిగిసింది. గోళ్లతో పీకింది, పళ్లతో కొరకబోయింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. శోభారాణి మూట అందుకుని ఒక కొస లాగింది. ముడి ఊడి భరిణె బయటపడింది.

"సూస్తిరా, బరిణె దీని దగ్గరే ఉన్నింది," అని, మూట తెచ్చింది తానేనని కూడా మరిచి అమరావతి అందరివైపూ తిరిగింది.

"రూప ఫంక్షన్‌కి నీ ఇంటికే తెచ్చిచ్చిందమ్మా. ఇప్పను కూడా ఇప్పకుండా నువ్వు దాన్ని నాకు తెచ్చి పెట్టినావు," అన్నాను. నా గొంతు వీధిలోకి వినబడే ఉంటుంది. వినబడనీ.

శోభారాణి ఆ భరిణెను అక్క అరచేతిలో పెట్టింది. "ఈసారి సుట్టలేదక్కా. దొంగంటివి, పడినా. అమ్మ ముడి మర్సిపోయినావు, సరే. అమ్మ సీరను కూడా గుర్తుపట్టలేదే నువ్వు. యెండి నువ్వే తీసుకో. ఇంక నా గడప తొక్కొద్దు."

అమరావతి పిడికిలి మూసుకుని వెళ్లిపోయింది. చీరముక్కను అడగను కూడా అడగలేదు. శోభారాణి దాన్ని మోకాలి మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, మడిచి రవికలో దోపుకుంది.

ఆ ముక్కను ఆమె ఇప్పటిదాకా దేనికీ చుట్టలేదు.