నూలు అక్షరాల కోసం ఎమ్మిగనూరుకు

మా రేష్మాను ఇంటికి తెచ్చుకోవాలని ఎమ్మిగనూరు బయలుదేరాను. రేష్మా మా తమ్ముడు ఖాసిం రెండో కూతురు. పదేళ్లు. నాకు పిల్లలు లేరు. పాలు మాన్పించినప్పటి నుంచి అది ఆదోనిలో నా దగ్గరే పెరిగింది. తెలివికి లోటు లేదు. అక్షరాలు మాత్రం దాని కళ్ల ముందు నిలబడవు. పోయిన దసరా సెలవుల్లో మా చివరి చెల్లెలు షమీం వచ్చి దాన్ని ఎమ్మిగనూరుకు తీసుకుపోయింది. షమీం కూడా నాలాగే టీచరు. చదువు పట్టుబడని పిల్లలకు ఎలా చెప్పాలో హైదరాబాదులో శిక్షణ పొంది వచ్చింది. పత్తి మిల్లులో పనిచేసే ఖాసిం అందుకు ఒప్పుకుంటూనే ఒక మాట అన్నాడు. జూన్‌లోగా చదవడం వస్తే సరి, రాకుంటే బడి మాన్పించి మిల్లులో పత్తి ఏరే పనికి పెడతానన్నాడు. ఇప్పుడు జూన్ దగ్గరపడింది. పిల్ల చదువుతోందని షమీం కబురు పంపింది. నేను నమ్మలేదు. నమ్మాలని కూడా అనిపించలేదు.

దానికి కారణం ఉంది. మా ఇంట్లో పిల్లలు ఖురాన్ సూరాలు చెవితో విని నేర్చుకుంటారు. తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత నేనొకటి చెబితే రేష్మా మరునాటికే తప్పు లేకుండా అప్పజెప్పేది. తెలుగు వాచకం కూడా పక్కన కూర్చోబెట్టుకొని అలాగే చదివి వినిపించేదాన్ని. అది వరుస కింద వేలు పెట్టి, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతూ గడగడా చదివేది. దసరాకు వచ్చిన షమీం ఒక సాయంత్రం దాని పక్కన కూర్చుంది. ఆ వాచకంలో ఒక పేజీ ఎప్పుడో చిరిగిపోయింది. రేష్మా ఆ లేని పేజీని కూడా చదివేసింది. షమీం నవ్వలేదు. "అక్కా, ఇది చదవడం కాదు, అప్పజెప్తాండాది" అంది, అంతే. నాకు తెలియనిది ఆమెకు ఒక్క పూటలో తెలిసింది. షమీంకు అక్షరాలు దిద్దించింది నేనే.

ఆదివారం పొద్దున ఏడు దాటాక బస్టాండుకు చేరాను. పక్కనున్న పాకలో బొరుగుల ఉగ్గాని బాగుంటుంది. ముప్పావలాకు కడుపు నిండుతుంది. రేష్మాకు మిరపకాయ బజ్జీలంటే ఇష్టమని పొట్లం కట్టమన్నాను.

"కారం తక్కువుండేవి చూసి పెట్టప్పా, పిల్లకు."

"మిరపకాయలో కారం తక్కువ యాడుంటాదక్కా? బెల్లం ముక్క గూడా కొనుక్కోని పో" అంటూ అతను పాత పేపరు చింపి చుట్టి ఇచ్చాడు.

ఎమ్మిగనూరు బస్సు గంటకు ఒకటైనా ఉంటుంది. టికెట్టు మూడు రూపాయల లోపే. ఊరు దాటగానే కొండ మీది కోట వెనక్కు జరుగుతుంది, తర్వాత అంతా నల్లరేగడి. వేసవి కాబట్టి చేలు ఖాళీగా ఉన్నాయి. గంట సేపు తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాను. పెదవులు ఒకటి అంటున్నాయి, మనసు ఇంకొకటి. షమీంకు భర్త ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు, హైదరాబాదు చదువుంది. నాకున్నది ఒక్క రేష్మా. అది కూడా ఆమె దగ్గరే చదవాలా అన్నది ఆ ఇంకొకటి.

బస్టాండు నుంచి నేత పనివాళ్ల వీధులకు జట్కా అతను రూపాయి అడుగుతాడు. ఇవ్వండి, ఎండలో నడవలేరు. నేను షమీం పేరు చెప్పగానే జట్కా అతను వెనక్కు తిరిగాడు.

"నూలు అచ్చరాల టీచరమ్మ ఇంటికా? మా తమ్ముని కొడుకును గూడా ఆడికే పంపుతాండాం. నువ్వేం కావాలమ్మా ఆమెకు?"

"అక్కను."

"నువ్వు గూడా టీచరేనా?"

"ఊఁ."

"నువ్వేం అచ్చరాలు సెప్తావు? మామూలువేనా?"

నేను బజ్జీల పొట్లం ఒళ్లో సర్దుకున్నాను. గుర్రం మెల్లగా పోయింది.

వీధి పొడవునా మగ్గాల చప్పుడు. షమీం ఇంటి ముందు గదిలో తాడుకు బట్టలు ఆరేసినట్టు అట్టముక్కలు వేలాడుతున్నాయి. ఒక్కో అట్ట మీద ఒక్కో అక్షరం, మగ్గాల దగ్గర మిగిలిన నూలును గంజితో అంటించినది. "పెద్దత్తా" అంటూ రేష్మా వచ్చి నా నడుము పట్టుకుంది. తర్వాత వెళ్లి షమీం పక్కన కూర్చుంది. నేను ఎప్పుడూ దానికి ఒక జడే వేసేదాన్ని. షమీం రెండు వేసింది. బాగానే ఉన్నాయి.

పద్ధతి చూడటానికి వచ్చేవాళ్ల కోసం చెబుతున్నాను. అక్షరం నల్ల నూలు, గుణింతం గుర్తు ఎర్ర నూలు. పిల్ల ఆ నూలు మీద వేలు నడుపుతూ శబ్దం పైకి అనాలి, తర్వాత కళ్లు మూసుకొని అదే చేయాలి. ఒకదానిలా ఒకటి కనిపించే పకారం, వకారం షమీం ఒకే వారంలో చెప్పదు. మొదటిది వేలికి బాగా పట్టాకే రెండోది. పుస్తకం చదివేటప్పుడు మధ్యలో కిటికీ కోసిన అట్ట ఒకటి పేజీ మీద పెడుతుంది, ఒక్క మాటే కనిపిస్తుంది, చుట్టూ ఉన్నవి పిల్లను తికమక పెట్టవు. ఇది నిజంగా పని చేస్తుందో లేదోనని షమీం తన బడిలో పరీక్షించి చూసిందట. వెనకబడిన పిల్లల్లో సగం మందికి పాత పద్ధతి, సగం మందికి నూలు. కొన్ని వారాల తర్వాత అందరికీ ఎప్పుడూ చూడని మాటలు ఇచ్చింది. నూలు పిల్లలు ఎక్కువ చదివారు.

"మిగిలినోళ్లు ఊరికే నష్టపోకూడదు గదా అక్కా, తర్వాత వాళ్లకు గూడా ఇదే మొదలుపెట్టినా. ఇద్దరికి మాత్రం ఇది గూడా పని చెయ్యలేదు. ఎందుకో నాకు తెలీదు."

ఆ ఇద్దరి మాట వినగానే నాకు సంతోషం కలిగింది. అస్తగ్‌ఫిరుల్లా, అల్లా క్షమించుగాక అనుకున్నాను. కానీ కలిగింది.

తర్వాత షమీం తన దగ్గరున్న కథల పుస్తకం తెచ్చి రేష్మా చేతికి ఇచ్చింది. "అది వద్దు" అన్నాను. ఇక్కడ ఎన్నిసార్లు విన్నదో ఎవరికి తెలుసు. బజ్జీలు పళ్లెంలో పెట్టి, పొట్లం కాగితాన్ని చాప మీద పరిచాను. "ఇది చదువు."

షమీం నా ముఖం చూసింది. రేష్మా కిటికీ అట్ట తెచ్చుకొని కాగితం మీద పెట్టింది. వేలు గాల్లో గుండ్రంగా తిరిగింది. "వే... రు. వేరు. శ... న... గ. వేరుశనగ." అట్ట జరిపింది. "ధర." మళ్లీ జరిపింది. "పెరిగి" దగ్గర చాలాసేపు ఆగి, కళ్లు మూసుకొని, తొడ మీద వేలితో రాసుకొని, చదివింది. అట్టను ఆ తర్వాతి మాట మీదికి జరపగానే ఆగిపోయింది. నేను ఎదురుచూశాను.

"ఏమైంది, చెప్పు" అన్నాను.

"ఈడ ఏం లేదు పెద్దత్తా. నూనె మింగేసింది."

వంగి చూశాను. బజ్జీ నూనె మరకలో అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. చిరిగిన పేజీని కూడా ఆగకుండా చదివిన పిల్ల, మరక దగ్గర ఆగింది.

భోజనాలయ్యాక, పిల్ల నాతో వస్తుందా అని అడిగాను. రేష్మా నా కొంగు పట్టుకొనే షమీం వైపు చూసింది.

"ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదక్కా" అంది షమీం. "ఇప్పుడు ఆపితే ఈడనే నిల్చిపోతాది. ఇంకో ఏడాది ఉండనీ. లేదంటావా, పంపిస్తా. పిల్ల నీది."

పిల్ల నీది అనడం ఆమెకు సులువు. మధ్యాహ్నపు జొహర్ నమాజు చదువుకున్నాను. లేచి వచ్చి, "ఉండనీ" అన్నాను. "నాకు కూడా ఆ అట్టలు చేయడం చూపించు. నా తరగతిలో వెనక వరుసలో ముగ్గురున్నారు."

చూపించింది షమీం కాదు, రేష్మా. "అట్ల కాదు పెద్దత్తా, కొమ్ము ఎర్రది పెట్టల్ల. నువ్వు బాగా తొందరపడతావు" అని నా వేళ్లకంటిన గంజి తుడిచింది. షమీం తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఆమె ముఖం నాకు తెలిసిన ముఖంలాగే ఉంది, ఆ పొద్దున బయలుదేరేటప్పుడు అద్దంలో ఈర్ష్యతో కనిపించిన నా ముఖం.

పొద్దు గూకి మగ్రిబ్ నమాజు వేళకు ఆదోని చేరాను. ఖాసిం మా ఇంటి గుమ్మంలోనే ఉన్నాడు.

"పిల్ల యాడక్కా?"

"చదువుతాండాది. ఇంకో ఏడు ఆడనే ఉంటాది."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

అతను మిల్లు మాట ఎత్తలేదు. నేను కళ్లారా చూసి చెప్పానంటే అతనికి అది చాలు.

ఈర్ష్య పోయిందని రాయలేను. నమాజులో దాన్ని తీసెయ్యమని అడుగుతున్నాను, మరుసటి పూటకు మళ్లీ వచ్చి పక్కనే కూర్చుంటోంది. షమీం దగ్గర అది ఒత్తులు నేర్చుకుంటుంది, నేను లేకుండానే పెద్ద పుస్తకాలు చదువుతుంది. అది బాధే. కానీ ఒత్తులు రాకముందే తీసుకొచ్చి ఉంటే చదువు అక్కడే ఆగిపోయి, మిల్లులో పత్తి ఏరుతుండేది. ఇప్పుడు సాయంత్రాలు నూలు, గంజి ముందేసుకొని కూర్చుంటున్నాను. నా కొమ్ములు ఇంకా వంకరగానే వస్తున్నాయి.

ఇలాంటి పిల్లను వెంటబెట్టుకొని ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా. బస్సులో ఎడమ పక్క కూర్చోండి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎండ తక్కువ. ఉగ్గాని అక్కడే తినేయండి, బజ్జీలు మాత్రం పేపరులో కట్టించుకోండి. పిల్లకు చదవడం వచ్చిందో లేదో చూడాలంటే వాచకం తెరవకండి, ఆ కాగితం చేతికివ్వండి. మరక దగ్గర ఆగిందంటే వచ్చినట్టే.