దోనెలో నిద్రపోతున్న ప్రభువును లేపవచ్చా?

మా కొండల్లో నిద్రపోతున్న మనిషిని తట్టి లేపరు. నిద్రలో జీవం బయట తిరుగుతుందని, ఒక్కసారిగా కుదిపితే దానికి తిరిగొచ్చే దారి దొరకదని పెద్దవాళ్ల నమ్మకం. నేను ఆరో తరగతితో బడి మానేయడానికి కూడా ఇదే కారణమని అందరికీ చెబుతుంటాను. పొద్దున్నే నన్ను లేపే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మేము ప్రభువును నమ్ముకుని చాలా ఏళ్లయింది. కొండదేవతకు కోడిని కోయడం మానేశాం. కానీ ఈ నిద్ర సంగతి మాత్రం మాతోపాటే రేకుల చర్చిలోకి వచ్చి చాప మీద కూర్చుంది.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఒక ఆదివారం పాస్టరు గారు గలిలయ సముద్రం గురించి చెప్పారు. ప్రభువు దోనెలో తలగడ వేసుకుని నిద్రపోతున్నాడు. తుఫాను లేచింది, దోనెలోకి నీళ్లొస్తున్నాయి. శిష్యులు హడలిపోయి ఆయన్ను లేపారు. ఆయన గాలినీ సముద్రాన్నీ గద్దించి, ఆ తర్వాత శిష్యులనూ మందలించాడు, ఎందుకంత భయం, నమ్మకం లేదా అని.

ఇంటికొచ్చాక అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని తేల్చేసింది.

“సూసినావా? పడుకున్నోడిని లేపీసినారు. తిట్టడా మరి?”

“తిట్టింది లేపినందుకు కాదే అమ్మా, బయపడినందుకు.”

“నీకేటి తెలుసు? బడికెల్లినావా?”

ఆ రోజు నుంచి అమ్మ, ప్రభువును లేపినట్టవుతుందని, తన కంటి కోసం ప్రార్థించడం మానేసింది. అప్పటికే కుడికన్ను పాలు పోసినట్టు తెల్లబడింది, ఎడమకన్నులోనూ పొర మొదలైంది. ఎర్రటి కాఫీ పళ్లతోపాటు పచ్చికాయలు కూడా కోసేస్తుండేది. “పండుకీ కాయకీ పెళ్లి సేత్తన్నావా?” అని వేళాకోళం చేస్తే నవ్వలేదు. తట్టలోకి చెయ్యిపెట్టి ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. దాంతో నా నవ్వూ ఆగిపోయింది.

సంతలో కంటి శిబిరం పెట్టిన డాక్టరమ్మ, ఆపరేషన్ చేయించాలి, ముదరబెడితే కష్టం అంది. మరుసటి సంతకు విశాఖ తీసుకెళ్లే వ్యాన్ వస్తుందని చెప్పింది. అమ్మ ఎక్కనంటే ఎక్కనంది. ఆసుపత్రికి పరిగెత్తడం కూడా ప్రభువును లేపడమేనట.

“ఆయనకి ఎరికే. లెగిసినప్పుడు సూత్తాడు.”

నేను పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను.

“అయ్యగారూ, లేపకపోతే మునిగిపోదురు. లేపితే తిట్లు తిన్నారు. ఏటి సెయ్యాలండి?”

“నమ్మకం ఉంటే భయం ఉండదు.”

“బయం లేకపోతే లేపరు. లేపకపోతే తుపాను ఎవులు ఆపుతారండి?”

ఆయన గడ్డం గోక్కున్నారు. “నువ్వు ఏడో తరగతికి వెళ్లకపోవడమే మంచిదైంది, మేస్టర్లు బతికిపోయారు,” అన్నారు. అయినా పాపం, ఇంటికొచ్చి అమ్మకు నచ్చజెప్పబోయారు. అమ్మ ఆయనకు అంబలి పోసి, “మీరు సెప్పినాకే కదా అయ్యగారూ నాకు తెలిసింది,” అంది. ఆయన అంబలి తాగి, నాలాగే తల గోక్కుంటూ వెళ్లిపోయారు.

సంత దగ్గరపడింది. ఇక వాదించే ఓపిక లేక, పోయిన నాన్నను మధ్యలోకి లాగాను.

“అమ్మా, పొద్దెక్కినా నాన్న లెగకపోతే ఏటి సేసేదానివి?”

“ఏటి సేత్తాను? నా పని నాను సేసుకునేదాన్ని.”

“ఆ పనికి కుండలన్నీ దడదడలాడేవి గదే!”

చాలా రోజులకు అమ్మ నవ్వింది. “తట్టి లేపలేదు గదరా గుంటడా.”

“వ్యానెక్కడమూ అంతేనే. ఆయన్ని తట్టొద్దు. నీ పని నువ్వు సేసుకో. సప్పుడికి ఆయనే లెగుత్తాడు.”

నవ్వించడానికే అన్నాను. అమ్మ మాత్రం నవ్వు ఆపి, ఆ మాటను బియ్యంలో రాయిని వెతికినట్టు తిప్పితిప్పి చూసింది. సంత రోజున చీర మార్చుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడింది. నేను చెప్పింది దేవుని వాక్యమో, నోటికొచ్చిన కోతో నాకే తెలియలేదు. పాస్టరు గారిని అడగాలంటే భయమేసింది.

ఘాట్ రోడ్డులో వ్యాన్‌లోని ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. “మెల్లగా పాడండే, ఆయన పడుకున్నాడు,” అని అమ్మ కసిరింది.

కుడికంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పి నల్ల కళ్లజోడు పెట్టారు. తిరుగు దారిలో డ్రైవరు టీ కోసం బీచ్ రోడ్డులో ఆపాడు. అమ్మ అంతవరకు మా కొండవాగు గెడ్డను చూసింది, డ్యామ్‌ను చూసింది, సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఒక పెద్ద అల లేచి విరిగిపడేసరికి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“గలిలయ ఇలాగే ఉంటాదా?”

“దీనికన్నా సిన్నదంట. మంచినీల్లేనంట.”

ఇంకో అల వచ్చింది. ఇంకోటి.

“పాపం, ఆ సిస్యులు లేపకుండా ఏటి సేత్తారురా?”

“మరి తిట్టినాడు గదే?”

“తిడితే తిట్టనీ. లెగిసినాడా, లేదా?”

ఇన్నాళ్లూ లేపకూడదన్న మనిషి ఈవిడేనా? కుండల చప్పుడు చాలని నేను ఒప్పించింది ఈవిడనేనా? ఏది విశ్వాసమో అడుగుదామని నోరు తెరిచేలోగా, అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, సముద్రానికి ఎదురుగా నిలబడి, రెండో కన్ను కోసం గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. టీ బండి దగ్గరివాళ్లంతా తిరిగి చూశారు. “బేగి ఎక్కండమ్మా!” అని డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ హారన్ కంటే అమ్మ గొంతే పెద్దది.

నేను చేతికొక టీ గ్లాసుతో, కళ్లు మూసుకోవాలో తెరిచి ఉంచాలో తెలియక, ఆమె పక్కనే నిలబడ్డాను.