సలోమి పెళ్ళిలో పడిపోయిన సర్వర్

పెళ్ళిలో కరెంటు పోవడం మీరు చూసుంటారు, వంటవాడు అలిగిపోవడం చూసుంటారు. పెళ్ళికూతురి తండ్రినే మాయం చేసినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే. కర్నూల్లో, నిండు సంఘం మధ్య, మోకాళ్ళ మీద ఉండి ఆ ఘనకార్యం చేశాను.

మా చర్చిలో కంప్యూటర్ల సేవ నాది. మూతపడిన ఒక కంపెనీ నుంచి వచ్చిన పాత సర్వర్ వేదిక పక్కగదిలో ఉండేది. మా ఆరాధన దాని ద్వారానే ఊరూరికీ, గల్ఫ్‌కూ వెళ్ళేది. దానికి రెండు దుర్గుణాలు. ఒకటి అరుపు, రెండోది ఉన్నట్టుండి బిగుసుకుపోవడం.

"ఏమప్పా ప్రభాకరా, ఆ మిషను బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ మాదిరి అరుస్తాండాది. నేను చెప్పేది దేవునికైనా ఇనపడతాదా?" అన్నారు పాస్టరయ్యగారు.

"దేవునికి ఇనపడతాదయ్యగారూ, ఎనక బెంచీలకే అనుమానం."

అంతలో మా సంఘంలోని సలోమికి పెళ్ళి కుదిరింది. వాళ్ళ నాన్న యేసురత్నం కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవరు. వాళ్ళమ్మ సువార్తమ్మక్క రాయచోటి మనిషి. నా దగ్గరకొచ్చి కళ్ళు తుడుచుకుంది.

"మా ఆయప్పకు సెలవు ఇయ్యలేదు నాయనా. పిల్లోళ్ళను బడికాడ దించి, మేడమ్ ఫోన్ చేసేలోపల దొరికేదే ఆయప్ప టైము. బిడ్డకు తాళి కట్టేది చూడకపోతే ఆ మనిషి తట్టుకోలేడు."

"నేనుండా గదక్కా!" అన్నాను. అలా అన్నవాళ్ళకు దూరంగా ఉండమని నా సలహా.

సర్వర్ బోర్డు మీద ఫ్యాన్లనూ వేడినీ కనిపెట్టుకుని ఉండే చిప్ ఒకటి ఉంటుంది. దానితో మాట్లాడాలంటే కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, దాని డ్రైవర్లనే ప్రోగ్రాంలు ఎక్కించాలి. ఎక్కించాను. ఫ్యాన్ల వేగం తగ్గించాను. పాపక్షమాపణ పొందినవాడిలా సర్వర్ నెమ్మదించింది. ఆ విజయం తలకెక్కి, బిగుసుకుపోయే జబ్బుకు వాచ్‌డాగ్ అనే ఇంకో డ్రైవరు కూడా ఎక్కించాను. 'బతికే ఉన్నాను' అని దానికి మాటిమాటికీ కబురు అందుతుండాలి. అందలేదో, సర్వర్ పోయిందనుకుని రీస్టార్ట్ చేసిపారేస్తుంది. ఒకసారి మొదలైతే ఆపడానికి వీల్లేని సెట్టింగ్ కూడా అందులో ఉంది. బాప్తిస్మం పుచ్చుకున్నాక మళ్ళీ వెనక్కి చూడడమేమిటని అదీ పెట్టేశాను.

ఆ కబురు పంపడానికి చిన్న ప్రోగ్రాం ఉంటుంది. బుద్ధున్నవాడు దాన్ని నడిపిస్తాడు. దేవుని సేవను ప్రోగ్రాంకు అప్పగిస్తానా అని నేను మాత్రం నా చేత్తోనే కీ నొక్కే ఏర్పాటు చేసుకున్నాను. గర్వం ఎన్ని వేషాల్లో వస్తుందో చూడండి!

పెళ్ళినాడు సర్వర్ పిల్లిలా పడుకుంది. హాలు తెర మీద యేసురత్నం కారు సీట్లో, ఇస్త్రీ చొక్కాలో, మెరిసే కళ్ళతో కూర్చున్నాడు. నేను పక్కగది గుమ్మంలో, కీ మీద వేలుంచి, గొలియాతును పడగొట్టినవాడిలా కూర్చున్నాను.

"తాళికి ముందు సంఘపెద్ద దానియేలు తాత ప్రార్థన చేస్తారు" అన్నారు పాస్టరయ్యగారు.

దానియేలు తాత ప్రార్థన మొదలైతే మా వంటవాళ్ళు పొయ్యి మంట తగ్గిస్తారు. అంతకంటే వివరంగా చెప్పలేను.

"అందరూ మోకరించండి. కండ్లు మూసుకోండి!" అన్నాడు తాత.

అవిశ్వాసి అయితే హాయిగా కీ నొక్కుకుంటూ కూర్చునేవాడు. నేను సండే స్కూల్లో పెరిగినవాణ్ణి. ప్రార్థనలో కన్ను తెరిస్తే అమ్మ తొడపాశం పెట్టేది. తాత నోటి మాట పూర్తికాకముందే నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి, కళ్ళు మూతపడ్డాయి. వేలు కీని వదిలేసింది, చేతులు జోడుకున్నాయి.

తాత ఏదెను తోటలో బయలుదేరాడు. జలప్రళయంలో ఓడ ఎక్కాడు, దిగాడు. ఇస్సాకుకు పెళ్ళికూతురు రిబ్కాను వెతుకుతూ బావి దగ్గరకు చేరేసరికి వాచ్‌డాగ్ ఓపిక అయిపోయింది. సర్వర్ రీస్టార్ట్ అయింది. నేను పెట్టిన వేగం చెరిగిపోయి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. బండల లారీ చర్చిలోకే వచ్చినట్టయింది.

"ఆమెన్!" అని అరిచాడు తాత, అదిరిపడి.

"ఆమెన్!" అంది సంఘమంతా. అంత మనస్ఫూర్తిగా పలికిన ఆమెన్ నేను మళ్ళీ వినలేదు.

"నేనింకా రిబ్కాను ఇంటికి తేలేదు గదరా!"

"సంఘమంతా ఆమెన్ అనినాక అయిపోయినట్లే తాతా" అన్నారు పాస్టరయ్యగారు, అనుమానం కలిగించేంత వేగంగా.

అప్పుడు చూశారు అందరూ తెర వంక. నల్లగా ఉంది.

"మా ఆయప్ప యాడప్పా?" సువార్తమ్మక్క పరుగున వచ్చింది.

"వస్తాండాడక్కా!"

"యాడినుంచి వస్తాండాడు? కువైట్ నుంచి నడిచొస్తాండాడా? నువ్వుండావని గదరా నమ్మితిమి!"

సలోమి నల్లటి తెర మీంచి చూపు తిప్పలేదు. "తండ్రి కనపడేదాకా తాళి ఆగుతాది" అని పెళ్ళికొడుకు చేతిలోని తాళిని పాస్టరయ్యగారు తిరిగి పళ్ళెంలో పెట్టించారు. జీవితంలో మొదటిసారి నేను కళ్ళు తెరిచి ప్రార్థన చేశాను. సర్వర్ లేచీలేవగానే కబురు పంపే ఆ ప్రోగ్రాంను నడిపించి, దాని కాళ్ళకు మనసులోనే మొక్కబోయి, విగ్రహారాధన అవుతుందని మానుకున్నాను.

తెర వెలిగింది.

"ఏమయిందప్పా? తాళి అయిపోయెనా?" అన్నాడు యేసురత్నం, సీట్లోంచి ముందుకు వంగి.

"కాలేదు!" అని హాలంతా ఒక్క గొంతుతో కేకేసింది.

"అట్లయితే బిన్నా కట్టండప్పా! మేడమ్ ఫోన్ చేస్తాది!"

తాళి పడింది. యేసురత్నం ఫోన్ వైపు చెయ్యెత్తి, "సల్లగుండు తల్లీ" అని, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అప్పుడు మోగింది మేడమ్ ఫోన్. తాత ప్రార్థన మామూలుగా సాగి ఉంటే, రిబ్కా ఒంటె దిగేలోపే యేసురత్నం వెళ్ళిపోయి ఉండేవాడు.

సువార్తమ్మక్క నా వైపు వస్తుంటే చెంప సిద్ధం చేసుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, "దేవుడే ఆ మిషన్ను అరిపిచ్చినాడు నాయనా" అంది. నేను కాదనలేదు. నా విశ్వాసమూ అదే.

మరుసటి ఆదివారం పాస్టరయ్యగారి ఎదుట నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, ఇక నా జన్మలో ప్రార్థన మధ్యలో సర్వర్ పడిపోనివ్వనని ప్రమాణం చేశాను.

ఆయన ముందు బెంచీలో ప్రార్థనకు లేవబోతున్న దానియేలు తాత వంక చూశారు. చివరికి నిట్టూర్చి, "శానా తొందరపడినావప్పా" అన్నారు.