బూటు ముక్కు మీది ముడతలు

ఆ రోజు మీటింగ్‌లో మేనేజరు, "ఈ ఐడియా ఎలా వచ్చింది?" అని అడిగితే, "చాలా ట్రయల్స్ చేశాను" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ చెప్పవలసిన మాట అది కాదు. నేను చేసిన తప్పు అదే.

కెనడాలోని మార్కమ్ దగ్గర పనివాళ్ల బూట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను మిషన్ల ఇంజనీరుని. పాదం ఆకారపు అచ్చు మీద తోలు పరిచి, అంచులు కిందికి లాగి బిగించాలి. మడమ దగ్గర మిషనే లాగుతుంది. వేళ్ల వైపు, ముక్కు దగ్గరికొచ్చేసరికి తోలు ముడతలు పడుతుంది. అక్కడ పట్టకారు పట్టి చేత్తో లాగడానికి ఒక పెద్దాయన ఉన్నారు. ప్రకాశం జిల్లా మనిషి. తండ్రి దగ్గర చెప్పులు కుట్టడం నేర్చుకుని, కూతురి వెంట ఇక్కడికి వచ్చారు. ఆయన రిటైరయ్యేలోపు ఆ పని మిషన్‌తో చేయించమని కంపెనీ నాకు అప్పగించింది.

రెండు నెలలు ఆయన చేతుల్ని ఫోన్‌లో వీడియో తీశాను. ముందు నడిమికి ఒక లాగు, తర్వాత అటొకటి, ఇటొకటి. ప్రతి లాగుకీ పట్టకారును కాస్త మెలితిప్పుతారు. ఆ మెలి తిప్పే ఇనప చేతినే నేను మిషన్‌కి అమర్చాను. బూటు నున్నగా వచ్చింది. పేటెంట్ అప్లికేషన్‌లో నా పేరొక్కటే రాశాను.

మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడి ఆయనా కొట్టారు. అది చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లంచ్‌లో ఆయన పక్కకి వెళ్లాను.

"అంకుల్, నేను మీ పేరు చెప్పలేదు."

"విన్నాలే బాబూ. నాకింకా చెవుడు రాలా."

"తప్పయింది."

"ఆ మెలి మా నాయనది. ఊళ్లో ఆయన్ని కులం పెట్టి పిలిచారే గానీ, పేరు పెట్టి పిలిచినోడు లేడు. నువ్వూ ఆ వరసే పట్టావనుకున్నా." డబ్బా నా వైపు జరిపారు. "పచ్చడేసుకో. మొహం అట్టా పెట్టమాక."

పచ్చడి వేసుకున్నాను. నేను మర్చిపోయి వదిలేయలేదు. చెప్పులు కుట్టే మనిషి దగ్గర నేర్చుకున్నానని చెప్పడం నాకు చిన్నతనంగా అనిపించింది. ఆ బుద్ధిని ఇంత దూరం మోసుకొచ్చింది నేనే.

లంచ్ అవగానే మేనేజరుకి జరిగింది చెప్పాను. పేటెంట్ ఏజెంటుకి మెయిల్ పెట్టి, అప్లికేషన్‌లో ఆయన పేరు చేర్పించమన్నాను. మర్నాడు షిఫ్ట్ మొదలయ్యే ముందు, ఆ మెలి ఎవరిదో, ఆయనకి నేర్పిందెవరో అందరికీ చెప్పాను. ఆయన పేటెంట్ ఫారం మీద నిదానంగా సంతకం పెట్టారు.

"సరేగానీ, నీ మిషను ఎడం పక్క గట్టిగా లాగుతోంది. చూశావా?"

"లేదంకుల్."

"వీడియో చూస్తే ఏం తెలుస్తది? చేత్తో లాగితే తెలుస్తది. పట్టు."

పట్టకారు నా చేతిలో పెట్టారు. షిఫ్ట్ అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడి లాగాను. మొదటి బూటుకి ఏడు ముడతలు. ఆఖరిదానికి రెండు.