పీర్ల పెట్టెలో ఉన్నవి

మా ఊరి పీర్ల పెట్టెలో కత్తులు దొరికాయని, అందుకే ముజావర్‌ను పట్టుకుపోయారని ఇప్పటి పిల్లలు కూడా చెప్పుకుంటున్నారు. మొన్న ఒక పెళ్ళిలో పక్కన కూర్చున్న కుర్రవాడు ఆ సంగతి నాకే చెప్పాడు, కత్తులు ఎంత పొడవున్నాయో చేతులు చాపి చూపిస్తూ. పెట్టె పగలగొట్టిన రోజు దగ్గరుండి చూసినవాళ్ళం ఊళ్ళో ఇంకా నలుగురైదుగురం ఉన్నాం. ఎవరం నోరెత్తం. నాకు యాభై దగ్గరపడుతోంది. ఇక నేను చెబుతాను.

మదీనాగూడ దగ్గర బొంబాయి రోడ్డు దిగి, బండరాళ్ళూ సీతాఫలం పొదలూ దాటుకుంటూ రెండు మైళ్ళు నడిస్తే మా ఊరు. ముస్లిముల ఇళ్ళు ఆరే. పీర్ల చావిడిని చూసుకునే ముజావర్‌ను ఊరంతా చాచా అని పిలిచేది. పీరును ఎత్తేది మాత్రం మా ఇల్లు. మా తాతకు పిల్లలు దక్కకపోతే పీర్లకు మొక్కుకున్నాడట. మా నాయన దక్కాడు. అప్పటినుంచి పెద్ద పీరు మా భుజం మీదే. నాయన తర్వాత ఆరేళ్ళు నేను మోశాను.

పీరంటే ఇత్తడి అరచేయి. పొడవాటి కర్రకు తొడిగి రంగు గుడ్డలు చుడతారు. మా ఊళ్ళో అలాంటివి ఏడు. ఏడాదంతా పెట్టెలో ఉండేవి. మొహర్రం నెలవంక కనబడిన సాయంత్రం చాచా తాళం తీసేవాడు. అంతకు ముందు ఎవరు అడిగినా తీసేవాడు కాదు. తీశాక ఆయనా నేనూ చావిడి మెట్ల మీద కూర్చుని, ఏడింటినీ చింతపండు పెట్టి తోమేవాళ్ళం.

అప్పట్లో బడి చదువు ఉర్దూలో కాబట్టి నాకు ఉర్దూ బాగా వచ్చు. నాలుగు పుస్తకాలు చదివానన్న పొగరుతో మధ్యాహ్నాలు ఆయనతో వాదం పెట్టుకునేవాణ్ణి.

“చాచా, మీ కితాబుల బొమ్మలకు మొక్కొద్దని ఉంది గద. మరి గీ చేతులేంది?”

“చేతులకెవడు మొక్కుతుండు బేటా? ఎనుకటి లడాయిల దూపకు నీళ్ళు లేక సచ్చిన పైగంబరు ఇంటి పిల్లల యాది అది. యాది చేసుకొనీకి ఏదో ఒకటి కావాలె గద, పట్టుకొనీకి.” ఆ వెంటనే ఎదురు అడిగేవాడు. “మీ దాంట్ల సచ్చినంక మల్ల పుడ్తరంట?”

“పుడ్తరు.”

“గీ మోకాళ్ళతోనేనా? అయితే నాకొద్దు. నాకు ఒక్కపారి సాలు.”

నగరంలో మిషన్ దవాఖాన నర్సు చెప్పిన ఏసు మాటలు నేను తెచ్చి చెబితే, “ఈసా మాకు సుత పైగంబరే, గామెకెరుక లేదేమో, చెప్పి రా” అన్నాడు. ఆయన ఖురాను తప్పు లేకుండా చదివేవాడు. అరబ్బీ అర్థమయ్యేది కాదు. మా నాయన గీత అలాగే చదివేవాడు. సంస్కృతం అర్థమయ్యేది కాదు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు మెచ్చుకునేవారు. అర్థాలు నాకు తెలుసనుకున్నాను నేను.

నలభై ఏడులో పండగకు ముందు నగరం నుంచి ఒక మౌల్వీ వచ్చాడు. చావిడి ముందు నిలబడి, ఇది మన కితాబులో లేదు, హిందువు ఎత్తడం అసలే లేదు అన్నాడు. చాచా కొడుకు ఆ మాటకు తలూపాడు. నెల తిరక్కుండా మా వైపు పెద్దమనిషి ఒకడొచ్చి, ఇది మన శాస్త్రంలో లేదు, తురకవాని దేవుణ్ణి మోస్తారా అన్నాడు. మావాళ్ళూ తలూపారు. ఆ ఏడు నేను పీరు ఎత్తినప్పుడు వెనక నడిచింది ఇరవై మంది కూడా లేరు. డప్పు సగం దారిలో ఆగిపోయింది. ఎందుకాగిందని ఎవరూ అడగలేదు.

చలి తగ్గేసరికి ఖాకీ చొక్కాల రజాకార్లు ఊళ్ళోకి రావడం మొదలైంది. ఉర్దూ రాసేవాడు ఎవడని అడిగితే జనం నన్ను చూపించారు. వాళ్ళు చెప్పిన నోటీసులు రాసి గోడలకు అంటించాను. ఎదురు చెప్పినవాళ్ళ ఇళ్ళు ఏమవుతాయో ఆ నోటీసుల్లో ఉండేది. చాచా వాటిని చదివి, “నీ దస్తూరి మస్తుగుంటది బేటా, గీ రాతలకు కాదు” అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత మా వాదాలు తగ్గాయి.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఖాకీ చొక్కాలు ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. భయం అలాగే ఉంది, ఇళ్ళు మారింది. నిజాంపేట వైపు పొగ కనబడిన రోజు ముస్లిముల ఆరు ఇళ్ళలో రెండు ఖాళీ అయ్యాయి. నోటీసులు రాసింది ఎవరో ఎప్పుడు ఎవరు చెబుతారోనని నేను తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి.

దసరా వెళ్ళిన వారానికి ఆయుధాల తనిఖీకి ఒక జీపు వచ్చింది. అధికారి ఏ ప్రాంతంవాడో తెలియదు, హిందీలో మాట్లాడాడు. దారి చూపిస్తూ ముందు నడిచింది మా పటేలు కొడుకు. ఇళ్ళలో ఏమీ దొరకలేదు. చివరికి చావిడికి వచ్చి పెట్టె తెరవమన్నారు.

చాచా చేతులు జోడించాడు. “నెల కనబడలేదు సాబ్. ఇంకో పదిహేను దినాలు ఆగుండ్రి. మీ ఎదుటనే తీస్త.”

అధికారి నవ్వాడు. మళ్ళీ అడిగాడు. చాచా మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి అధికారి నవ్వలేదు. లోపల ఏముందో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని జనాన్ని అడిగాడు. అక్కడ నిలబడిన ప్రతివాడూ ఆ ఏడు చేతుల కింద వంగి దండం పెట్టినవాడే. ఎవరూ పలకలేదు. చాచా నా వైపు చూశాడు. ఆ చూపు పటేలు కొడుకు పట్టుకున్నాడు.

“ఏందే, ఏండ్లకేండ్లు భుజం మీద మోస్తివి గద. చెప్పు, ఏమున్నయ్ అండ్ల? రాసుడే వస్తదా, చెప్పుడు రాదా?”

ఆ రాసుడు నోటీసుల గురించేనని నాకు అర్థమైంది. ఇత్తడి చేతులు అని రెండు మాటలంటే చాలు. నేను చాచా పక్షం అనుకుంటారు, వెంటనే నోటీసుల సంగతి బయటపడుతుంది అనిపించింది.

“గుడ్డలు చుట్టి ఉంటయి. లోపలేమున్నదో నాకెరుక లేదు” అన్నాను.

అధికారి గడ్డపార తెమ్మన్నాడు. గడ్డపార పైకి లేవగానే చాచా పెట్టె మీద బోర్లా పడుకున్నాడు. తుపాకీ మడమతో రెండు సార్లు కొట్టి లాగేశారు. మూత పగిలింది. అధికారి ఒక చేతిని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టెలోనే వేశాడు. మిగిలినవీ అవే. అయినా తనిఖీకి అడ్డుపడ్డాడని ముసలాయనను జీపు ఎక్కించుకుపోయారు. చావిడి బయట వెనకవరసలో ఉన్నవాళ్ళకు పటేలు కొడుకు కత్తులు దొరికాయని చెప్పాడు. నేను అతని పక్కనే ఉన్నాను.

మూడు వారాలకు, జైలు దవాఖానలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. నిజం చెప్పి కాళ్ళు పట్టుకోవాలనే వెళ్ళాను. ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరికి పక్కటెముకల దగ్గర చప్పుడవుతోంది. నన్ను చూడగానే, “నెల కనబడ్డదా?” అన్నాడు.

నెలవంక కనబడి నాలుగు రోజులైంది. పెట్టె పగిలినట్టే ఉంది. ఊళ్ళో ఎవరూ చావిడి వైపు వెళ్ళలేదు, నేను కూడా.

“లేదు చాచా. మబ్బులున్నయి” అన్నాను.

ఆయన బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టుకున్నాడు. జైల్లో రోజులు అలాగే లెక్కపెట్టుకున్నాడనుకుంటాను.

“మబ్బులున్నా ముప్పై దాటదు గద బేటా, నెల” అన్నాడు మెల్లగా.

నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. జవాను వచ్చి వేళయిందనే దాకా కూర్చుని వచ్చేశాను. మూడో రోజు ఆయన పోయాడు.

తల్లిని నగరానికి తీసుకుపోవడానికి తనిఖీకి ముందే అక్కడికి వెళ్ళిపోయిన ఆయన కొడుకు బండి కట్టుకుని వచ్చాడు. సామాను ఎక్కిస్తూ, నా ముఖం చూడకుండా అడిగాడు. “అన్నా, గా దినం నువ్వున్నవా ఆడ?”

లేనని చెప్పాను. ఆ అబద్ధాన్ని ఇన్నేళ్ళు మోశాను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.